వీడియో ఆటలలో స్త్రీ పాత్ర - నాడు, నేడు

"ఆటే కదా, దానికో చరిత్రా?" అని పెద్దలు నవ్వవచ్చు. కాని పొద్దుగూకితే చాలు, పిల్లలు ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు. ఆ ఆటలు ఆడపిల్లను ఏవిధంగా చూపుతూ వచ్చాయో మనం తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాం.

1981లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ ‘డాంకీ కాంగ్’ అనే ఆటను విడుదల చేసింది. ఒక పెద్ద కోతి ఓ యువతిని ఎత్తుకుపోతుంది. కథానాయకుడు నిచ్చెనలెక్కి ఆమెను విడిపించాలి. ఆమెకు పైన నిలబడి "రక్షించండి" అనడం తప్ప వేరే పని లేదు. పాపం, మొదట పేరైనా లేదు, ఉత్త ‘లేడీ’! పౌలీన్ అనే పేరు తర్వాత వచ్చింది.

1982లో అమెరికాలో ‘మిస్ పాక్‌మాన్’ వచ్చింది. పాత గుండ్రని బొమ్మకే రిబ్బను కట్టి, లిప్‌స్టిక్కు పూశారు. అయినా ఆట నడిపే పాత్ర ఆడది కావడం ఒక ముందడుగే.

1986 నాటి ‘మెట్రాయిడ్’లో కవచం తొడుక్కుని పోరాడేది సామస్ అనే స్త్రీ. ఆట త్వరగా ముగిస్తేనే ఆ సంగతి బయటపడుతుంది. అయితే ఇంకా త్వరగా ముగించినవారికి ఆమెను తక్కువ దుస్తుల్లో చూపడమే బహుమానం! వీరవనితను చేసినట్టే చేసి మళ్ళీ బొమ్మను చేశారన్నమాట.

1988లో రాబర్టా విలియమ్స్ అనే అమెరికన్ మహిళ ‘కింగ్స్ క్వెస్ట్’ నాలుగవ భాగాన్ని రూపొందించారు. అందులో రోసెల్లా అనే రాకుమారి, జబ్బుపడిన తండ్రిని బ్రతికించే పండు కోసం తానే బయలుదేరుతుంది. ఆమె బాధ్యతను ఆమే ఎత్తుకుంది.

1996లో ఇంగ్లండులో పుట్టిన ‘టూంబ్ రైడర్’ నాయిక లారా క్రాఫ్ట్ ధైర్యశాలి. కాని ప్రకటనలు ఆమె తెలివికన్నా ఒంటినే ఎక్కువ చూపాయి. 2013లో ఆ కథను కొత్తగా తీసినప్పుడు ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్. అందులో లారా భయపడుతుంది, గాయపడుతుంది, మళ్ళీ లేచి నిలుస్తుంది. మనిషిలా ఉంటుంది.

ఆనాటి పౌలీన్ సంగతంటారా? 2017లో వచ్చిన ‘సూపర్ మారియో ఒడిస్సీ’లో ఆమె ఒక నగరానికి మేయరు!

మగవారు మంచి స్త్రీ పాత్రలు సృష్టించలేరని మేము అనడం లేదు. కాని చేసేవారిలో స్త్రీలుంటే చూసే చూపు మారుతుందనడానికి రోసెల్లా, లారాలే సాక్ష్యం. 1982లోనే ‘రివర్ రెయిడ్’ ఆటను తయారుచేసిన కరోల్ షా కూడా స్త్రీయే. కనుక మన అమ్మాయి ఆట ఆడుతుంటే "ఆపు" అని కసరడంతో సరిపెట్టకండి. "ఇది ఎలా చేస్తారో నేర్చుకుంటావా?" అని కూడా ఒక్కసారి అడగండి.