రెండు కండ్ల ముచ్చట

ఇంకో రెండు కట్టెలెయ్యి రా మనుమడా, చెప్త. తెలంగాణ కాంగ్రెస్ ఇచ్చింది, కేసీఆర్ తెచ్చిండని నీకు అందరు చెప్తరు. నడుమ తక్కిన పార్టీలు ఎన్ని ఏషాలేసినయో ఎవ్వరు చెప్పరు.

2008ల తెలుగుదేశమోళ్లు ప్రణబ్ ముఖర్జీ కమిటీకి లేఖ ఇచ్చిండ్రు, తెలంగాణకు ఒప్పుకుంటున్నమని. తెల్లారి ఏడు ఎలచ్చన్లల్ల టీఆర్ఎస్‌తోని మహాకూటమి. అండ్లనే సీపీఎం గూడ! రాష్ట్రాన్ని చీల్చొద్దనేటోళ్లు వాళ్లు. నవ్వుకున్నంగని, ఆ పార్టీ కడదాంక మాట మార్చలే.

2009 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి రోశయ్య అఖిలపక్షం పిలిచిండు. తీర్మానం పెట్టుండ్రి, మేం అడ్డం రామన్నరు తెలుగుదేశమోళ్లు, ప్రజారాజ్యమోళ్లు. కాంగ్రెస్ ఎట్లయినా పెట్టదని వాళ్ల ధీమా కావచ్చు. రెండు దినాలకే, 9 రాత్రి, కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఇస్తున్నమని చెప్పిండు. ఇగ చూడు! తెల్లారేసరికి ఆంధ్ర దిక్కు ఎమ్మెల్యేలు పార్టీలు చూడకుంట రాజీనామాలు. చిరంజీవి సమైక్యమన్నడు. చంద్రబాబుకు రెండు ప్రాంతాలు రెండు కండ్లయినయి. 23 నాటికి ఢిల్లీ గూడ నాలిక మడతేసింది. బాబును తిట్టుడు అలకనే. ఒక్క పార్టీల ఇటోళ్లు, అటోళ్లు ఉంటె ఏ కన్ను పొడుసుకుంటడు? అయితే ఓటేసేటోనికి సాఫ్ జవాబు గావాలె గద.

పార్లమెంటుల సమైక్య ప్లకార్డు పట్టిండని జగన్‌ను 2010ల మానుకోటకు రానియ్యలే. రెండేండ్లకు మన పక్క పరకాలల ఉప ఎన్నిక. ఆయన పార్టీ నుంచి కొండా సురేఖ నిలబడ్డది. టీఆర్ఎస్ భిక్షపతి గెలిచిండుగని, పదిహేను వందల చిల్లర ఓట్లతోని! జెండా మీద కోపమున్నా, తెలిసిన మనిషి మొకం చూసి ఓటేసినోళ్లు మస్తుమంది.

బీజేపీదింకో తీరు. 1998ల ఒక ఓటు, రెండు రాష్ట్రాలన్నరు. 2000ల మూడు రాష్ట్రాలిచ్చి మనది మర్చిపోయిండ్రు. ఢిల్లీ గద్దె బాబు మద్దతు మీద నిలిచింది మరి. గద్దె దిగినంక మల్ల యాదికొచ్చినం. అయినా 2014 ఫిబ్రవరి 18న, లోక్‌సభల టీవీ బంద్ జేసి బిల్లు నడిపిన నాడు, సుష్మా స్వరాజ్ నిలబడి మద్దతిచ్చింది. సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మను గూడ యాదుంచుకోమన్నది. రెండు దినాలకు రాజ్యసభల అదే పార్టీ వెంకయ్యనాయుడు, ఆంధ్రకు ప్రత్యేక హోదా ఐదేండ్లు చాలదు, పదేండ్లియ్యాలన్నడు. ఇటు బిల్లుకు ఓటు, అటు హోదాకు మాట. చూసినవా, వాళ్లకు గూడ కండ్లు రెండే.

ఆ హోదా ఏమైందో నన్నడగకు, ఆంధ్రోళ్లనడుగు.