ఊరిగాం చిరునామా: ఒక ఊరి పేరు, నాలుగు వర్ణక్రమాలు

ఊరి పేరు తెలియనివాడికి దారి చూపుతుంది, తెలిసినవాడికి గుర్తుగా నిలుస్తుంది. మొదటి పనికి పేరు నలుగురూ పలికేట్టు, రాసేట్టు ఉండాలి. రెండో పనికి అది మాటిమాటికీ మారకుండా ఉండాలి. కంప్యూటరు తెర మీది పేజీకి పెట్టే చిరునామా కూడా ఇటువంటి పేరే. ఊళ్ళ చరిత్రలను, పాత పత్రాలను తెలుగులో వెబ్‌సైట్ల మీద ఉంచేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ పేజీలకు చిరునామా ఎలా పెడితే వెతికేవారికి సులువుగా దొరుకుతుందన్న ప్రశ్నను వారు సాధారణంగా సాంకేతిక నిపుణులకు వదిలేస్తారు. ఇది లిపికీ వర్ణక్రమానికీ చెందిన ప్రశ్న కనుక భాషాధ్యయనం చేసేవారు కూడా పట్టించుకోవలసినదని మా అభిప్రాయం. కోలారు బంగారు గనుల ప్రాంతంలోని ఊరిగాం పేరు రెండు శతాబ్దాలుగా పడ్డ పాట్లను ఆధారంగా చేసుకుని దీనిని పరిశీలిస్తాము.

ఊరిగాం కర్ణాటకలో, కోలారు జిల్లాలో, మారికుప్పం, చాంపియన్ రీఫ్ గనుల వరసలో ఉన్న చోటు. చుట్టుపట్ల పల్లెల్లో తెలుగు, కన్నడం. గని కార్మికుల వాడల్లో ఎక్కువగా తమిళం. కంపెనీ కాగితాల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య ఉన్న పేరు రోమను లిపిలోకి వెళ్ళేటప్పుడు ఒకే రూపంలో వెళ్ళలేదు.

1802లో మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును సర్వే చేస్తూ వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఇక్కడి మట్టిలో బంగారం ఉందన్న వదంతి విని, గ్రామస్థుల చేత మట్టి కడిగించి చూసి, అది నిజమేనని నిర్ధారించుకున్నాడు. ఆయన నివేదికలో ఈ ఊరి పేరు డబ్ల్యు అక్షరంతో మొదలవుతుంది. చూడగానే అది తప్పులా కనిపిస్తుంది. కాని తెలుగులో, కన్నడంలో పదాది ఉకారానికీ ఒకారానికీ ముందు వకారచ్ఛాయ వినబడుతుందని మనకు తెలుసు. ఊరును వూరనీ, ఒకటిని వొకటనీ రాసిన రాతలు మన పాత పుస్తకాల్లో కొల్లలు. వారెన్ తన చెవిన పడ్డ ధ్వనినే కాగితం మీద పెట్టాడని మేము భావిస్తున్నాము. ఉచ్చారణకు దగ్గరగా ఉన్న ఆ వర్ణక్రమం వాడుకలో నిలవలేదు.

1875లో మైకేల్ లావెల్‌కు మైసూరు ప్రభుత్వం గని తవ్వకానికి అనుమతి ఇచ్చింది. 1880 దశకంలో జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలో గనులు నిలదొక్కుకున్నాయి. లండను వాటాదారుల డబ్బుతో నడిచిన ఊరిగాం కంపెనీ తన పేరును ఓ-ఓ-ఆర్-ఇ-జి-యు-ఎమ్ అని రాసుకుంది. ఆ కంపెనీ ఒక పౌను విలువ గల వాటాలను పదిహేను షిల్లింగులు ముందే చెల్లినట్టు చూపి అయిదు షిల్లింగులకు ఇచ్చింది. ఇది చెల్లదని 1892లో బ్రిటిష్ ప్రభువుల సభ రోపర్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. కంపెనీ చట్టం చదివే విద్యార్థులకు నేటికీ ఆ తీర్పు పాఠం. ఆ పేరు ఒక పల్లెదని వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము గాని, ఆ వర్ణక్రమం మాత్రం న్యాయ గ్రంథాల్లో స్థిరపడిపోయింది.

మూడో వర్ణక్రమం రైలు స్టేషను బోర్డు మీదిది: ఓ-ఓ-ఆర్-జి-ఎ-యు-ఎమ్. చివరి భాగం ఇంగ్లీషువాళ్ళు బెల్గాం అని రాసిన తీరులోనే ఉంది. గనుల్లో పనిచేసిన కుటుంబాలకు, ఉత్తరాలు రాసుకున్నవారికి, రోజూ రైలెక్కేవారికి అలవాటైనది ఇదే.

నాలుగోది మా వంటి వారిది. లిప్యంతరీకరణ పద్ధతి ప్రకారం, దీర్ఘాల గుర్తులు తీసేసి రాస్తే ఊరిగాం యు-ఆర్-ఐ-జి-ఎ-ఎమ్ అవుతుంది. శాస్త్రీయంగా తప్పు పట్టడానికి లేదు. కాని తమిళనాడులో డెంకణికోట ప్రాంతంలో సరిగ్గా ఈ అక్షరాలతోనే రాసే మరో ఊరు ఉంది. దాని పేరిట అటవీ రేంజి కూడా ఉంది. పండితుల వర్ణక్రమంతో బంగారు గనిని వెతికేవాడు ఏనుగుల అడవిలో తేలవచ్చు. పోనీ మూడక్షరాల కే.జి.ఎఫ్. అని వెతుకుదామంటే, 2018లోనూ 2022లోనూ వచ్చిన సినిమాలు ముందు వరుసలో నిలబడతాయి.

నాలుగు వర్ణక్రమాలూ నాలుగు వేరువేరు పత్రాల గదులకు తాళంచెవులుగా మారాయి. ఒకటి సర్వే నివేదికను తెరుస్తుంది, ఒకటి లండను వాటా పత్రాలను, ఒకటి రైల్వే, తపాలా కాగితాలను. నాలుగోది పక్క రాష్ట్రానికి తీసుకుపోతుంది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పనిపోయిన కుటుంబాలు చెదిరిపోయాయి. చాలామంది బెంగళూరులో బతుకు వెతుక్కున్నారు. తాత ఏ గనిలో దిగేవాడో తెలుసుకోవాలనుకునే మనుమడికి ఇక మిగిలిన దారి కాగితమే, కాగితం తెర మీదికి ఎక్కితే దాని చిరునామాయే. కనుక వర్ణక్రమం ఎంపికను చిన్న విషయమని తీసివేయలేము.

ఇక చిరునామాల నిర్మాణం చూద్దాం. వెబ్ చిరునామా ఎలా ఉండాలో 1994 డిసెంబరులో వెలువడిన ప్రమాణ పత్రం నిర్దేశించింది. రోమను అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మరే లిపికీ అందులో నేరుగా చోటు లేదు. 2005 జనవరిలో వచ్చిన మరో ప్రమాణం ఇతర లిపులకు తలుపు తీసింది. అయినా లోపలి ప్రయాణంలో తెలుగు అక్షరం ఇప్పటికీ మారువేషంలోనే వెళుతుంది. ఊ అక్షరపు యూనికోడ్ సంఖ్య మూడు బైట్లుగా విడిపోతుంది. ఒక్కొక్క బైటునూ శాతం గుర్తు, దాని వెంట రెండు అక్షరాంకెలు పెట్టి రాస్తారు. అంటే ఒక్క ఊకు తొమ్మిది గుర్తులు. కంప్యూటరు లెక్కలో ఊరిగాం అంటే ఊ, ర, గుడి, గ, దీర్ఘం, సున్న: మొత్తం ఆరు సంకేతాలు, 54 గుర్తులు. బ్రౌజరు పై పట్టీలో తెలుగు చక్కగానే కనబడుతుంది. దానిని నకలు తీసి ఉత్తరంలో అతికిస్తే మాత్రం ఆ 54 గుర్తులూ బయటపడడం తరచు జరిగేదే. ఇటువంటి పత్రికలో అచ్చువేస్తే దానిని చూసి టైపు చేయగల పాఠకుడు ఉండడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తెలుగు శీర్షికలనే చిరునామాలుగా నిలబెట్టుకుంది. అది మెచ్చదగిన నిర్ణయం. అయితే దాని వెనుక పొడుగు శీర్షికలనూ మారు పేర్లనూ కనిపెట్టి ఉండే పెద్ద సమూహం ఉంది. ఒంటరిగా సైటు నడిపేవారికి అటువంటి అండ ఉండదు.

పొడుగు వల్ల వచ్చే చిక్కు ఒకటి చెబుతాము. ఎక్కువమంది వాడే వర్డ్‌ప్రెస్ అనే ఉపకరణం శీర్షిక నుంచి తానే చిరునామా తయారుచేస్తుంది. దానికి 200 గుర్తుల హద్దు ఉంది. ఇంగ్లీషు శీర్షికకు ఇది ధారాళం. ‘ఊరిగాం బంగారు గనుల చరిత్ర’ అన్న నాలుగు మాటల తెలుగు శీర్షికను తీసుకుందాం. మొదటి మాటలో ఆరు సంకేతాలు, రెండో దానిలో ఆరు, మూడో దానిలో నాలుగు, నాలుగో దానిలో ఆరు, మొత్తం 22. తొమ్మిదితో హెచ్చిస్తే 198. మాటల నడుమ అడ్డగీతలు మూడు కలిపితే 201. హద్దు ఒక్క గుర్తు దాటింది కనుక చివరి సంకేతం మొత్తం పోతుంది. త్రలోని క్రావడి ఊడిపోయి, చిరునామా ‘చరిత్’ అని తకారప్పొల్లుతో ఆగుతుంది. నాలుగు మాటలకే చరిత్ర ఇలా తెగితే, మన వ్యాస శీర్షికల అలవాటైన నిడివికి ఏమవుతుందో ఊహించవచ్చు.

తెలుగు లిపికి మరో బాధ కూడా ఉంది. ఊరిగాం అని సున్నతో రాసినా, ఊరిగామ్ అని మకారప్పొల్లుతో రాసినా మనకు ఒకటే. యంత్రానికి రెండు వేరు చిరునామాలు. అన్యదేశ్యాలు రాసేటప్పుడు పొల్లు తరవాత మనం పెట్టే, కంటికి కనబడని విడదీత గుర్తుతోనూ ఇదే తంటా.

పోనీ రోమను లిపిలో కచ్చితంగా రాద్దామా? అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి తెలుగువారు కంప్యూటరు మీద ఉత్తరాలు రాసుకున్న తొలి రోజుల్లో ఎంతో మేలు చేసింది. కాని ఆ పద్ధతిలో దీర్ఘాలకూ ళ, ణ వంటి అక్షరాలకూ పెద్దబడి రోమను అక్షరాలే ఆధారం. వెబ్ చిరునామాలను చిన్నబడి అక్షరాలతో రాయడం ఆనవాయితీ అయింది. పెద్దబడి పోయినవెంటనే కళ్ళు కల్లవుతాయి, పాలు పలవుతాయి. భాషాశాస్త్రం ఇచ్చిన కచ్చితత్వం చిరునామాలో నిలబడదు. అందువల్ల అక్కడ కోరవలసినది కచ్చితత్వం కాదనీ, వాడుక అనీ మేము అంటాము. జనం ఏ వర్ణక్రమంతో వెతుకుతారో అదే చిరునామాలో ఉండాలి. ఊరిగాం విషయంలో అది స్టేషను బోర్డు మీది వర్ణక్రమం.

వెతుకుడు యంత్రాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. చిరునామాలో ముఖ్యమైన మాటలన్నీ కుక్కితే పేజీ ముందుకు వస్తుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. చిరునామాలోని మాటల వల్ల మాత్రమే వరుసలో కలిగే ప్రభావం దాదాపు లేనట్టేనని గూగుల్ తన మార్గదర్శకాల్లో చెప్పింది. అర్థమయ్యే మాటలు వాడమనీ, మాటల మధ్య కింది గీతకు బదులు అడ్డగీత పెట్టమనీ మాత్రం సూచించింది. చిరునామాలోని మాట మనిషి కోసం: లింకును చూసి, నొక్కాలా వద్దా అని నిర్ణయించుకునే మనిషి కోసం. యంత్రానికి కావలసినవి శీర్షికలోనూ వ్యాసంలోనూ ఉండాలి. ఊరిగాం గురించి రాసేవారు తక్కిన మూడు వర్ణక్రమాలనూ తెలుగు రూపాలనూ మొదటి పేరాలోనే ప్రస్తావిస్తే, ఏ తాళంచెవితో వచ్చినవాడికైనా తలుపు తెరుచుకునే అవకాశం ఉంటుంది.

దొరకడం తరవాత నిలవడం. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే మంచి చిరునామాలు మారవని రాసి, మారిపోయే విషయాలను వాటిలో చేర్చవద్దని హెచ్చరించాడు. మన ప్రాంతాల చరిత్ర ఆ హెచ్చరికకు చక్కని వ్యాఖ్యానం. ఈ గనులు 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్‌కు మారాయి. యజమాని పేరు కింద చిరునామా పెట్టి ఉంటే మూడుసార్లు మార్చవలసి వచ్చేది. జిల్లా పేరు కూడా అంతే. తెలుగు విరివిగా వినబడే బాగేపల్లి, చింతామణి 2007లో కోలారు జిల్లా నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. జిల్లాల వారీగా చిరునామాలు కట్టిన సైటుకు ఒక్కొక్క ప్రభుత్వ ఉత్తర్వుతో ఎన్ని పేజీలు అబద్ధమవుతాయో లెక్కవేసుకోవచ్చు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఊరిగాంకు దగ్గరలోనే ఉంది. గనుల రైలు మార్గం ప్రధాన మార్గంలో కలిసే బంగారపేటకు పూర్వం, మైసూరు కమిషనరు బౌరింగ్ పేరిట, బౌరింగ్‌పేట అని పేరు. ఊరి పేరు మారింది. రైల్వే సంకేతం మాత్రం బి-డబ్ల్యు-టి గానే ఉండిపోయింది. అందులో బౌరింగ్ ఉన్నాడని ఎవరికీ పట్టదు. టికెట్టు మాత్రం సరైన చోటికే చేరుస్తుంది. బోర్డు కొత్త పేరు చెబుతుంది, సంకేతం పాత పని చేస్తుంది. కొన్ని సైట్లు ఒక సంఖ్యనూ కొన్ని మాటలనూ కలిపి చిరునామా కట్టడం ఇటువంటిదే. పేజీని వెతికిపట్టేది సంఖ్య. మాటలు చదివేవాడికి సాయం.

ఎప్పుడైనా మార్చక తప్పకపోతే పాత చిరునామాను చెరపకూడదు. పాతదాన్ని అడిగినవారిని కొత్తదానికి శాశ్వతంగా మళ్ళించే ఏర్పాటు ఉంది. తెలుగు వికీపీడియావారు దీనికి దారిమార్పు అన్న చక్కని మాట వాడుతున్నారు. ఊరిగామ్‌ను, ఇతర రోమను వర్ణక్రమాలను ఇలాగే అసలు పేజీకి మళ్ళించవచ్చు. ఒకే వ్యాసం రెండు చిరునామాల్లో కనబడుతుంటే అసలుది ఏదో వెతుకుడు యంత్రాలకు చెప్పే గుర్తు 2009 నుంచి అమలులో ఉంది.

మా సూచనలు స్థూలంగా ఇవి. శీర్షిక, వ్యాసం పూర్తిగా తెలుగులో ఉండాలి. చిరునామా రెండు మూడు మాటల్లో, వాడుకలోని వర్ణక్రమంలో, చిన్నబడి రోమను అక్షరాల్లో, అడ్డగీతలతో ఉంటే చాలు. తెలుగు లిపిలోనే పెట్టదలిస్తే ఒకటి రెండు పొట్టి మాటలకు పరిమితం చేసి, ఉపకరణం ఇచ్చినదాన్ని సరిచూసుకోవాలి. జిల్లా, యజమాని, శాఖ పేర్లు అందులో ఉండరాదు. ఒకసారి పెట్టినదాన్ని అందం కోసం మార్చరాదు. తెలుగు ఊరి పేరును రోమను లిపిలో, అదీ ఇంగ్లీషువాళ్ళ వర్ణక్రమంలో పెట్టమనడం భాషాభిమానులకు కష్టంగా ఉండవచ్చు. వారెన్ చెవికి వినబడిన పేరు, లండను కంపెనీ రాసుకున్న పేరు, బోర్డు మీది పేరు, మన నోటి పేరు, నాలుగూ ఒకే ఊరివని చెప్పే పని ఏ చిరునామా చేయలేదు. అది తెలుగులో రాసిన వ్యాసం చేయవలసిన పని. అక్కడిదాకా మనిషిని తీసుకువస్తే చిరునామా బాధ్యత తీరినట్టే.