గానుగ నుండి శక్కర్‌నగర్ దాకా

పాత వ్యవసాయ యంత్రాల మాట వస్తే చాలామందికి ముందుగా ట్రాక్టరే మనసులో మెదులుతుంది. బోధన్ చెరకు తోటల నడుమ బాల్యం గడిచిన నాకు మాత్రం మా తాత దొడ్లో, చింతచెట్టు నీడన, సగం మట్టిలో కూరుకుపోయిన మూడు ఇనుప రోలర్లు గుర్తుకు వస్తాయి. మేము వాటి మీదికెక్కి ఆడుకునేవాళ్ళం. అది చెరకు గానుగ అని, ఒకప్పుడు ఊరి బెల్లమంతా దాని పుణ్యమేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఇనుప గానుగకూ ఒక చరిత్ర ఉన్నది. అంతకుముందు మన దేశంలో చాలాచోట్ల రాతి గానుగలూ, కొయ్య గానుగలూ ఉండేవి. రోలు వంటి రాతి గానుగలో వేయడానికి చెరకును ముక్కలుగా నరకవలసి వచ్చేది. 1870లలో బీహారులోని బిహియాలో థాంసన్, మిల్నీ అనే ఇద్దరు తెల్లదొరలు ఎడ్లు తిప్పే ఇనుప రోలర్ల గానుగను తయారుచేశారు. చెరకు గడను నరకకుండానే రోలర్ల నడుమ పెట్టవచ్చు. దేశంలో ఇటువంటి గానుగలు త్వరగా వ్యాపించాయి. హిమాలయ పాదాల వద్ద సిర్మూరు సంస్థానంలోని నాహన్ ఫౌండ్రీ వీటికి పేరుపడింది.

పని తీరు సులువే. పైనున్న పొడవాటి దూలానికి ఎడ్లను కట్టి గుండ్రంగా తిప్పుతారు. ఒకరు గడలు అందిస్తుంటే మరొకరు పిప్పి తీస్తారు. రసాన్ని గుడ్డతో వడగట్టి పెద్ద పెనంలో పోసి, కాస్త సున్నం వేసి, పైకి తేలిన మడ్డిని తీస్తూ కాస్తారు. పొయ్యిలోకి ఎండిన పిప్పే వంటచెరకు. తోట, గానుగ, పొయ్యి మూడూ ఒక్క పిలుపు దూరంలోనే ఉండేవి.

తరువాత నీరు వచ్చింది. మంజీరపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా, ఏడవ నిజాం కాలంలో జరిగిన పని అది. సుమారు 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది సంకల్పం. కాలువల వెంట సాగు చేయడానికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారి ఊళ్ళ పేర్లకు ‘క్యాంపు’ అన్న తోక నేటికీ ఉన్నది. నీరున్న చోట చెరకు, చెరకున్న చోట మిల్లు. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ ఏర్పడిన ఊరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని ఒకప్పుడు దానికి పేరు.

చెరకుకు ఒక గుణమున్నది. కోసిన గడ ఎండుతూ బరువు తగ్గుతుంది, అందులోని చక్కెర విరిగిపోతుంది. ఒక రోజు లోపల మిల్లులో పడకపోతే నష్టమే. అందువల్ల ఫ్యాక్టరీ వచ్చాక కోతకు అనుమతి చీటీ, బండికి వరుస, కాటా దగ్గర తూకం, వేళకు కూత తప్పనిసరి అయ్యాయి. ఏ ప్రాంతపు చెరకు ఏ మిల్లుకు చేరాలో నిర్ణయించే ఏర్పాటు చట్టంలోకీ ఎక్కింది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు చట్టం అటువంటిదే. తాత ఒక్క మాటలో తేల్చేవాడు: “గానుగైతే మనం తిప్పితే తిరిగేది బిడ్డా. గిప్పుడు కూత పిలిస్తే మనం పోవాలె.”

ఆయన మాటలో ఫిర్యాదు లేదు. గానుగ కాలం స్వర్ణయుగమేమీ కాదని ఆయనకు తెలుసు. రాత్రంతా పొయ్యి ముందు కూర్చున్నవారికీ, కాగే రసం మీదపడి కాలినవారికీ ఆ తీపి ఖరీదు తెలుసు. ఫ్యాక్టరీ ఎందరికో నెలజీతమిచ్చింది, వాడకట్టు కట్టింది. మోట పోయి ఆయిలింజను వచ్చింది, ఎడ్లబండి పోయి ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. గానుగ పాత ఇనుము కింద అమ్ముడయింది. ఎవరూ బాధపడలేదు.

2002లో ప్రభుత్వం ఫ్యాక్టరీలో అధిక వాటాను ప్రైవేటుకు అప్పగించింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషనుకు ఆదేశించింది. పునరుద్ధరణ మార్గాలు వెదకడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. ఈలోగా చెరకు మడులు చాలావరకు వరిమడులయ్యాయి.

అప్పుడు నాకు తాత మాట అర్థమయింది. మిల్లు లేని చెరకు ఒక్క రోజు కూడా ఆగదు. పెద్ద యంత్రం ఆగినప్పుడు తిరిగి ఆశ్రయించడానికి చిన్న యంత్రం ఊళ్ళో లేదు, దాన్ని తిప్పే ఎడ్లూ లేవు, పాకం పదును తెలిసిన చేతులూ లేవు. మనం పాత యంత్రాన్ని అమ్మినప్పుడు ఇనుముతో పాటు మరొక దారిని కూడా తూకానికి వేశామన్నమాట.

మా దొడ్లో ఇప్పుడు ఆ రోలర్లు లేవు. చింతచెట్టు ఉన్నది. మీ ఊళ్ళో ఎవరి పెరట్లోనైనా అటువంటి గానుగ మిగిలి ఉంటే, తుప్పు గీకి ఒక ఛాయాచిత్రం తీయండి. అంతకంటే ముందు, దాన్ని నడిపిన ముసలివాళ్ళు ఎవరైనా ఉంటే, వారి పక్కన కాసేపు కూర్చోండి.