తెరిచిన తేదీ ఎక్కడ రాస్తారు?

మీ వంటింట్లో గ్యాసు బండ పైన రింగుని పట్టి ఉంచే ఇనుప పట్టీలు మూడుంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు పెయింటుతో ‘బి 28’ లాంటిదేదో రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా. పక్కనున్న అంకె సంవత్సరం. అది గ్యాసు ఎక్స్‌పైరీ తేదీ అంటూ అప్పట్లో ఫార్వర్డు మెయిళ్ళొచ్చేవి, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఎక్స్‌పైరీ కాదండీ బాబూ. ఆ బండని మళ్ళీ పరీక్షకి పంపాల్సిన గడువు అది. లోపలున్న గ్యాసుకి దాంతో సంబంధం లేదు.

ఆ బండకే ఇంకో తేదీ ఉంది. అది బండ మీద కనపడదు. గోడకున్న వెంకట్రామా క్యాలెండరులో, తిథి నక్షత్రాల పక్కన ఇరుకులో, బాల్‌పెన్నుతో ‘గ్యాస్’ అని ఉంటుంది. బండ మార్చిన రోజన్నమాట. అదే కాగితం మీద పాల లెక్క, పేపరు రాని రోజులు, పనమ్మాయి నాగాలు కూడా. మన డేటాబేసు భాషలో మొదటిది తయారీదారుడి టైమ్‌స్టాంపు, రెండోది వాడకందారుడిది. మొదటిదానికి చట్టాలున్నాయి, జరిమానాలున్నాయి, ఇన్‌స్పెక్టర్లున్నారు. రెండోదాన్ని ఇంట్లో ఆడవాళ్ళు తప్ప ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా గోలంతా ఈ రెండోదాని గురించే.

ముందు మొదటిదాని సంగతి గబగబా చెప్పేస్తా. మందుల మీద గడువు తేదీ 1940 నాటి డ్రగ్స్ చట్టం, 1945 నిబంధనల చలవ. మిగతా ప్యాకెట్ల మీద తయారైన నెల, ఏడాది తప్పనిసరిగా ఉండాలన్నది తూనికలు కొలతల చట్టం కింద 1977లో వచ్చిన ప్యాకేజీ నిబంధనల్లో ఉంది. ఆ తర్వాత చాలాకాలం ‘ప్యాక్ చేసిన నాటి నుంచి ఆరు నెలల లోపు వాడితే శ్రేష్ఠం’ అని రాసి, కూడికలు మన నెత్తిన పడేశారు. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలతో గానీ ‘ఫలానా తేదీలోగా వాడండి’ అని తిన్నగా చెప్పడం తప్పనిసరి కాలేదు.

అదే ఏడాది అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే మిఠాయిల ట్రేల మీద కూడా గడువు పెట్టమన్నారు. మేముండేది హిమాయత్‌నగర్‌లో. ఇక్కడ మిఠాయి కొట్లకేం కొదవ లేదు, ఇవి చాలవంటే అటు అబిడ్స్ దాకా వెళ్ళొచ్చు. ఆహార ప్రమాణాల సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం కలాకండ్ అదే రోజు తినెయ్యాలి, రసగుల్లా లాంటివి రెండు రోజులు, కోవా మిఠాయిలు నాలుగు, నేతివీ డ్రై ఫ్రూట్సువీ వారం. బావుంది. కానీ ఆ గడువు రాసిన చీటీ ట్రే దగ్గరే ఉండిపోతుంది. డబ్బాలో సర్దించుకుని ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో ఉన్న కలాకండ్ ఏ రోజుదో చెప్పేవాడెవడు? మా ఆవిడ డబ్బా మూత మీద మార్కరుతో రాస్తుంది. ‘మంగళ, 2’ అని. మంగళవారం కొన్నాం, రెండ్రోజులు అని అర్థం.

ఇదేమీ కొత్త అలవాటు కాదు. ప్యాకెట్లు లేని రోజుల్లో కూడా తేదీలున్నాయి, కాకపోతే అవి పంటకీ పండగకీ ముడిపడి ఉండేవి. చింతపండు వేసవి మొదట్లో ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తేవాళ్ళు. నల్లబడితే పోయినేటిదని చూడగానే తెలిసిపోయేది. బియ్యం సంగతి దీనికి ఉల్టా. కొత్త బియ్యం ముద్దవుతాయి కాబట్టి పాతవి ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళం, ఇప్పటికీ కొంటున్నాం. వయసు పెరిగేకొద్దీ విలువ పెరిగే సరుక్కి ఎక్స్‌పైరీ కాలమ్ ఎలా పెడతారో చెప్పండి! ఇక ఆవకాయ. పెద్ద జాడీకి వాసెన కట్టి, వాడకానికి చిన్న జాడీలోకి కొంచెం తీసుకోవడం ఎందుకనుకున్నారు? పెద్ద జాడీని వీలైనన్ని తక్కువసార్లు తెరవడానికి. అంటే తయారైన రోజు కంటే తెరిచిన రోజు ముఖ్యమని వాళ్ళకి తెలుసు.

అన్నట్టు, తేదీ రాయాలంటే ఏ తేదీ రాయాలి? నిజాం జమానాలో ఈ ఊళ్ళో అదో తలనొప్పి. సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరం. ఇంగ్లీషు ఏడాదిలోంచి సుమారు 590 తీసేస్తే అది వస్తుంది, మొదటి నెల ఆజూర్ అక్టోబరులో మొదలవుతుంది. ముస్లిముల ఇళ్ళలో పండగలకి హిజ్రీ, మన ఇళ్ళలో తిథులు, రైల్వే వాళ్ళకీ తపాలా వాళ్ళకీ ఇంగ్లీషు తేదీ. తెలుగు సంవత్సరం పేరు రాద్దామంటే అరవై ఏళ్ళకోసారి రోలోవర్ అయిపోతుంది, 1927లో వచ్చిన ప్రభవే మళ్ళీ 1987లో వచ్చింది. వైటూకే పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కినవాళ్ళకి ఇలాంటి బగ్గు కొత్తేం కాదు. గడువు ‘00’ అని ఉన్న క్రెడిట్ కార్డుల్ని మిషన్లు వెనక్కి కొట్టిన రోజులవి. ఆవకాయ మాత్రం అరవై ఏళ్ళు నిలవుండదు కాబట్టి మనవాళ్ళ బగ్గు ఎప్పుడూ బయటపడలేదు.

క్యాలెండరు మీద రాసుకున్న తేదీకి డబ్బు విలువ వచ్చింది మాత్రం 2012 సెప్టెంబరులో. సబ్సిడీ సిలిండర్లు ఇంటికి ఏడాదికి ఆరే అన్నారు. 2013 జనవరిలో తొమ్మిది చేశారు, 2014 జనవరిలో పన్నెండు. ఆరు అన్నప్పుడు బండ రెండు నెలలు రావాలి, అంతే లెక్క. పోయినసారి ఎన్ని రోజులొచ్చిందో తెలియనివాళ్ళు గాభరా పడ్డారు. క్యాలెండరులో రాసుకున్నవాళ్ళు పాత పేజీలు తిరగేసి, నీళ్ళు కాచుకోవడం హీటరుకి మార్చాలా వద్దా అని తేల్చుకున్నారు.

బండ రెండు రోజులు ముందే అయిపోతే హోటలు నుంచి తెచ్చుకోవచ్చు. మందుల దగ్గర అలా కుదరదు. కంటి చుక్కల సీసా మీద గడువు ఇంకో ఏడాదిన్నర ఉండొచ్చు. కానీ మూత తెరిచాక చాలావాటిని నెల దాటి వాడకూడదు, చిన్న అక్షరాల్లో అదే సీసా మీద రాసుంటుంది. ఇన్సులిన్ వయల్ చాలా రకాలకి తెరిచాక 28 రోజులే. పిల్లల యాంటీబయోటిక్ పొడిలో నీళ్ళు కలిపాక సాధారణంగా వారం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పెద్ద అచ్చులో ఉన్న గడువు చూసి ‘ఇంకా ఉందిగా’ అని వాడేస్తారు. చదువు రాక కాదు. ఎక్స్‌పైరీ చూసుకోమని మనమే నేర్పాం, తెరిచిన రోజు రాసుకోమని ఎవరూ నేర్పలేదు.

ఈ రెండో తేదీని చట్టం గుర్తించిన చోటు ఒకటుంది, అదీ అలంకరణ సామగ్రికి. మూత తీసిన డబ్బా బొమ్మ, అందులో ‘12 ఎం’ అని మీ క్రీము సీసా వెనక ఉంటే చూడండి. తెరిచాక పన్నెండు నెలలు అని. ఐరోపా సంఘం 2003లో తెచ్చిన నిబంధన అది, 2005 నుంచి అమల్లోకొచ్చింది. బుగ్గకి రాసుకునే క్రీముకి దొరికిన ఈ మర్యాద కంట్లో వేసుకునే చుక్కలకీ దక్కాలి కదా! సీసా మీద ‘తెరిచిన తేదీ’ అని ఒక ఖాళీ గీత అచ్చేస్తే చాలు, రాసుకునేవాళ్ళు రాసుకుంటారు. దీనికి యాప్‌లు కూడా ఉన్నాయి, నేనూ రెండు ప్రయత్నించాను. తడి చేత్తో ఫోను తీసి బార్‌కోడు స్కాన్ చేసే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఫ్రిజ్ మీద దారం కట్టి వేలాడేసిన మార్కరే నిలిచింది. స్టీలు డబ్బా మీద రాస్తే తోమినప్పుడు పోతుంది కాబట్టి పేపరు టేపు ముక్క అంటించాలి. కంటి చుక్కల సీసాకైతే మూతకి కాకుండా సీసాకే అంటించాలి. మూతలు మారిపోతాయి.

క్యాలెండరుతో వచ్చే చిక్కల్లా జనవరి ఒకటిన. కొత్తది తగిలించి పాతది పడేస్తే లెక్కంతా పోతుంది. అందుకని మా అత్తగారు డిసెంబరు కాగితం చింపి కొత్త క్యాలెండరు వెనకాల గుచ్చుతుంది, ఆ బండ అయిపోయేదాకా.