పురాప్రవాహాలు (గోదావరి లోయ)

నీటి ప్రవాహం ఇసుకను, ఒండ్రును మోసుకొనిపోయి ఒకచోట మేట వేసినప్పుడు, ఆ పొరలలో తన దిశను, వేగాన్ని తెలిపే గుర్తులను వదలిపెడుతుంది. ఆ పొరలు శిలలుగా మారిన తరువాత వాటిని బట్టి తెలుసుకొనే పూర్వపు ప్రవాహాన్ని పురాప్రవాహం అంటారు. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో బొగ్గు పొరలతో కలిసి ఉన్న ఇసుకరాళ్ళు ఇందుకు మంచి ఉదాహరణ. ఇప్పటి గోదావరి ఆగ్నేయంగా బంగాళాఖాతం వైపు ప్రవహిస్తున్నది. కాని ఆ ఇసుకను పేర్చిన నదులు ప్రధానంగా ఉత్తర, వాయవ్య దిశలకు ప్రవహించాయి.

నేపథ్యం

ప్రాణహిత-గోదావరి లోయ భూమి పగుళ్ళ మధ్య కుంగిన పొడవైన పల్లం. ఇందులో బొగ్గు నిక్షేపాలు సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. ఈ లోయ భూగర్భ నిర్మాణంపై అతని గ్రంథం 1881లో వెలువడింది. ఇక్కడి గనులను సింగరేణి కాలరీస్ కంపెనీ నిర్వహిస్తున్నది.

లోయ అడుగున హిమానీనదాలు వదలిన తాల్చేరు శిలలు, వాటిపైన బొగ్గుగల బరాకర్ శిలలు ఉన్నాయి. బరాకర్ శిలలు సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం, పెర్మియన్ యుగంలో ఏర్పడ్డాయి. నదుల పక్కనున్న చిత్తడి నేలలలో పేరుకున్న చెట్లు, ఆకులు బొగ్గుగాను, నదులు తెచ్చిన ఇసుక ఇసుకరాయిగాను మారాయి.

ప్రవాహపు గుర్తులు

నది అడుగున ఇసుక చిన్నచిన్న తిన్నెలుగా ఏర్పడుతుంది. నీటి తోపుడుకు రేణువులు తిన్నె వెనుకవైపు ఉన్న తక్కువ వాలుపై ఎక్కి, ముందువైపు నిటారు వాలుపై జారి పడతాయి. ఇలా ముందువైపు ఒకదానిపై ఒకటి చేరిన ఏటవాలు పొరలు ప్రవాహం వెళ్ళిన దిక్కుకు వంగి ఉంటాయి. తిన్నె పైభాగం కొట్టుకొనిపోయినా ఈ వాలుపొరలు మిగులుతాయి. ఓపెన్‌కాస్టు గనులలో తవ్విన గోడలపై వీటిని చూడవచ్చును. పెద్ద రేణువులు వేగమైన ప్రవాహాన్ని, సన్నని బంకమన్ను నిలకడ నీటిని సూచిస్తాయి.

ఒక్క పొర వాలును బట్టి దిశను నిర్ణయించరాదు. నది వంకరలు తిరుగుతుంది గనుక అనేకచోట్ల కొలిచి సగటు తీయాలి. తరువాతి కాలంలో శిలలు మొత్తంగా ఒరిగి ఉంటే ఆ ఒరుగుదలను కూడా లెక్కనుండి తీసివేయాలి.

దిశ మారుటకు కారణం

బరాకర్ కాలంలో బంగాళాఖాతం లేదు. భారతదేశపు తూర్పు అంచు అంటార్కిటికాతో కలిసి, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. ఇప్పుడు సముద్రం ఉన్న వైపున అప్పుడు భూమి ఉండేది. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం రెండు ఖండాలు విడిపోయి, మధ్య సముద్రం ఏర్పడింది. తరువాతి కాలంలోనే గోదావరికి ఆ సముద్రం వైపు వాలు దొరికింది.

గనులలో ప్రాముఖ్యత

పూర్వపు నది చిత్తడి నేలను కోసుకొని పారినచోట, కాబోయే బొగ్గు కొట్టుకొనిపోయి దాని స్థానంలో ఇసుక చేరుతుంది. అక్కడ సీము హఠాత్తుగా పలుచబడుతుంది, లేదా మాయమవుతుంది. ఇటువంటి ఇసుక పట్టీలు సాధారణంగా ప్రవాహం వెంబడి సాగి ఉంటాయి. కావున పురాప్రవాహపు దిశ తెలిస్తే, బోరుబావుల మధ్య పట్టీ ఎటు సాగుతుందో అంచనా వేయవచ్చును.

బొగ్గుపైన ఉన్న రాయి కార్మికుల భద్రతకు ముఖ్యం. పొరలు లేని మందమైన ఇసుకరాయి, బొగ్గు తీసిన తరువాత వెంటనే కూలక వేలాడి, ఒక్కసారిగా విరిగి పడవచ్చును. ఇసుకరాయి, బంకరాయి కలిసే హద్దులు బలహీనంగా ఉండవచ్చును. పైకప్పు కూలడం భూగర్భ గనులలో ప్రాణాంతక ప్రమాదాలకు ఒక ప్రధాన కారణం. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో 2022 మార్చి 7న పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. ప్రతి ప్రమాదానికి కారణాలు వేరుగా ఉన్నా, పైనున్న రాయి స్వభావం తెలియకుండా తగిన ఆధారాలను నిర్ణయించలేరు.

బొగ్గు తీయగా ఏర్పడిన ఖాళీలను నింపుటకు సింగరేణి గనులలో గోదావరి ఇసుకను వాడారు. ఈ విధంగా నేటి నది ఇసుక, ఎదురు దిశలో పారిన పూర్వపు నది ఇసుకరాతికి ఆధారమయింది.

సముద్రపు అడుగున

ఇదే సూత్రం సముద్రానికీ వర్తిస్తుంది. గోదావరి తెచ్చే ఒండ్రులో కొంత ఎల్లంపల్లి వంటి జలాశయాలలో నిలిచిపోగా, మిగిలినది డెల్టాకు, సముద్రానికి చేరుతుంది. ఖండపు అంచున ఉన్న వాలుపై బురద కలిసిన నీరు వేగంగా కిందికి జారుతుంది. 1929లో కెనడా సమీపంలో భూకంపం వలన కలిగిన ఇటువంటి ప్రవాహం సముద్రపు తంతి తీగలను తెంచివేసింది. ఇవిగాక, లోతైన సముద్ర ప్రవాహాలు వాలుకు అడ్డంగా, అంచు వెంబడి నెమ్మదిగా సాగుతూ సన్నని ఒండ్రును పొడవైన గుట్టలుగా పేరుస్తాయి. అమెరికా తూర్పుతీరపు అవక్షేపాలలో ఈ ప్రవాహాల పాత్రను బ్రూస్ హీజెన్, అతని సహచరులు 1966లో వివరించారు. గోదావరిఖని గని గోడలోనైనా, సముద్రపు అడుగునుండి తీసిన మట్టిలోనైనా శాస్త్రజ్ఞులు వెదకేది ఒక్కటే: రేణువు ఎంత పెద్దది, పొర ఎటు వాలింది.