కాగితం లేని వంశచరిత్ర

మా హాస్టల్ పిల్లలను ఒకసారి వంశవృక్షం రాయమన్నాను. చాలామంది తాత పేరు దగ్గరే ఆగిపోయారు.

పందొమ్మిదో శతాబ్దంలో ఆదిలాబాద్ కొండల్లో మన గోండు రైతు కుటుంబాలకు నాగలి, ఎడ్లు, జొన్న చేను ఉండేవి. చాలామందికి పట్టా మాత్రం లేదు. తేలిక నేల సారం తగ్గితే కొన్నేళ్లు బీడు వదిలి, పక్క నేల దున్నేవారు. తర్వాత నిజాం ప్రభుత్వం అడవికి హద్దులు గీసినప్పుడు అలాంటి బీళ్లెన్నో రిజర్వు అడవిలో కలిసిపోయాయి. దున్నినవాళ్ల పేర్లు రికార్డుకెక్కలేదు.

అయినా చరిత్ర పోలేదు. మన సగ, గోత్రం, పెర్సపేన్ కథలను పర్ధాన్లు కిక్రి వాయిస్తూ పాడి నిలబెట్టారు. మా పాత ఊరి జాగాను నేను పోల్చుకున్నది నానమ్మ చెప్పిన ఇప్పచెట్టు, బావి గుర్తులతోనే.

ఇది జ్ఞాపకం కోసమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం వంశావళి, పెద్దల వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు కూడా సాక్ష్యాలే.

ఈ సెలవుల్లో పెద్దల పక్కన కూర్చోండి. పాత ఊరు ఏది? ఎందుకు వదిలారు? మన పర్ధాన్ ఎవరు? అడిగి నోటుబుక్కులో రాయండి. ఆడవాళ్ల పేర్లు వదిలేయకండి. నేను ఆలస్యం చేశాను. మా తాతను కన్న తల్లి పేరు చెప్పేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో లేరు.