సంస్కృతీకరణ

కుల సోపానంలో కింది మెట్టున ఉన్న కులం లేదా తెగ పై కులాల ఆచారాలు, పూజావిధానాలు, జీవనశైలి అలవరచుకుని మెరుగైన హోదా కోరే ప్రక్రియ. మైసూరులో జన్మించిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ (1916–1999) కొడగు ప్రజలపై 1952లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన ప్రచారంలోకి వచ్చింది.

మద్యమాంసాలు మానడం, జంధ్యం వేసుకోవడం, వితంతు పునర్వివాహాన్ని నిషేధించడం దీని లక్షణాలు. అందువల్ల కులం హోదా పెరిగినా స్త్రీల స్వేచ్ఛ తగ్గేది. బ్రిటిష్ కాలపు జనగణనల్లో పలు కులాలు ఉన్నత వర్ణనామాలు కోరుతూ అర్జీలు పెట్టుకున్నాయి. అనుకరణకు బ్రాహ్మణులే ఆదర్శం కానక్కరలేదు. భూమి, బలం ఉన్న స్థానిక ఆధిపత్య కులమూ కావచ్చు.

ఈ ప్రక్రియలో ఒక కులం స్థానం మారవచ్చు గాని, అసమానతకు మూలమైన కులవ్యవస్థ మారదు. అంటరానితనం అనుభవించిన కులాలకు ఈ దారి చాలావరకు మూసుకుపోయే ఉండేది.